1930 సమీక్ష: డబ్బు ఆపడంలో గట్టిది, కేసు దగ్గరకొచ్చేసరికి తిప్పలు

సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు 1930 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి అడిగేది ఒక్కటే: నా డబ్బు వెనక్కి వస్తుందా? ఆ నంబరు వెనకున్న వ్యవస్థ వెతికేది మాత్రం వేరు: ఆ డబ్బు ఈ నిమిషంలో ఏ ఖాతాలో ఉంది? ఈ తేడా తెలియకే చాలామంది నెలల తరబడి తప్పు గుమ్మం ముందు నిలబడుతున్నారు. కాబట్టి ఈ సేవకు మార్కులు వేసేటప్పుడు రెండుగా విడదీయాలి. డబ్బు ఆపే పనికి ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. నేరవిచారణకు దారి చూపే పనికి రెండుకు మించి ఇవ్వలేం. అందులో తప్పు హెల్ప్‌లైన్‌ది కొంతే, మిగతాది చట్టాలు అల్లుకున్న తీరుది.

ఇది కేంద్ర హోం శాఖ కింద పనిచేసే సైబర్ నేరాల సమన్వయ కేంద్రం ఐ4సీ నడిపే ఏర్పాటు. జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్ 2019 ఆగస్టులో వచ్చింది. బ్యాంకులను, వాలెట్లను, పోలీసులను ఒకే తెర మీదికి తెచ్చిన వ్యవస్థ 2021లో మొదలైంది. అప్పట్లో నంబరు 155260, తర్వాత 1930 అయింది. పాత నంబరు ఇంకా కొన్ని పోస్టర్ల మీద కనిపిస్తుంది, దాన్ని నమ్ముకోకండి. ఫోన్ ఎత్తేది, ఫిర్యాదు చూసేది ఆయా రాష్ట్రాల పోలీసులే. తెలంగాణలో ఈ బాధ్యత 2023లో ఏర్పడిన సైబర్ సెక్యూరిటీ బ్యూరోది.

లోపల జరిగేది ఇదీ. మీరు చెప్పిన లావాదేవీ నంబరుతో ఒక టికెట్ పుట్టి, డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తుంది. ఆ ఖాతాలో డబ్బు ఉంటే బ్యాంకు ఆ మేరకు హోల్డ్ పెడుతుంది, దీన్నే లీన్ అంటారు. డబ్బు అప్పటికే దాటిపోయి ఉంటే, ఏ ఖాతాకు ఎంత వెళ్లిందో బ్యాంకు అదే తెర మీద రాస్తుంది, టికెట్ అక్కడికి పరుగెడుతుంది. పోలీసుల భాషలో ఇవి లేయర్లు. మొదటి లేయర్‌లో ఒక్క ఖాతాకు వచ్చిన లక్ష రూపాయలు రెండో లేయర్‌లో నాలుగైదు ఖాతాలకు, మూడో లేయర్‌లో ఇంకా ఎక్కువ ఖాతాలకు చీలిపోతాయి. ఏటీఎంలో నోట్లుగా బయటికొచ్చినా, క్రిప్టోగా మారినా టికెట్ పరుగు అక్కడితో ఆగుతుంది. మోసగాళ్లు కమీషన్ ఆశ చూపి వాడుకునే ఈ అద్దె ఖాతాలను మ్యూల్ ఖాతాలంటారు. వాటిని ఖాళీ చేయడానికి వాళ్లకు నిమిషాలు చాలు. మొదటి గంటను గోల్డెన్ అవర్ అని ఊరికే అనలేదు.

అందుకని ఫోన్ చేసే ముందు కాగితం మీద రాసి పెట్టుకోవాల్సినవి ఉన్నాయి: మీ ఖాతా నంబరు, బ్యాంకు పేరు, ప్రతి లావాదేవీ తేదీ, సమయం, మొత్తం, యూటీఆర్ (బ్యాంకులు ఆ లావాదేవీని గుర్తుపట్టే నంబరు). ఎక్కువ ఫిర్యాదులు కుంటుపడేది ఈ యూటీఆర్ దగ్గరే. యూపీఐ, ఐఎంపీఎస్‌లకు అది 12 అంకెల నంబరు. నెఫ్ట్‌కు 16 అక్షరాలు, ఆర్‌టీజీఎస్‌కు 22. కంగారులో చాలామంది చదివేది యాప్ సొంతంగా ఇచ్చిన పొడవాటి ట్రాన్సాక్షన్ ఐడీని. దాంతో వెతకడం అవతలి బ్యాంకుకు కుదరదు. యాప్‌లో ఆ చెల్లింపు వివరాలు తెరిస్తే కింద యూటీఆర్ విడిగా ఉంటుంది, లేదంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దొరుకుతుంది. ఐదు దఫాలుగా డబ్బు పోతే ఐదు నంబర్లూ విడివిడిగా చెప్పాలి. మొత్తం కలిపి రెండు లక్షలు పోయాయని చెబితే సరిపోదు, నమోదు కాని లావాదేవీకి టికెట్ వెళ్లదు. ఓటీపీ, పిన్, కార్డు వెనక మూడంకెలు మాత్రం ఫోన్‌లో ఎవరు అడిగినా చెప్పకండి. 1930కి వాటితో పనిలేదు.

ఫోన్‌తో పని అయిపోయిందనుకోవడం రెండో పొరపాటు. ఫోన్ తర్వాత ఎస్సెమ్మెస్‌లో అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు వస్తుంది. 24 గంటల్లోపు పోర్టల్‌లో లాగిన్ అయి పూర్తి వివరాలు, స్క్రీన్‌షాట్లు పెట్టాలి. అక్కడ వివరణ పెట్టెలో కనీసం 200 అక్షరాలు ఉండాలి, కొన్ని ప్రత్యేక చిహ్నాలను పెట్టె ఒప్పుకోదు. యూపీఐ ఐడీలో ఉండే ఎట్ గుర్తు కూడా వాటిలో ఒకటి. యూపీఐ ఐడీని దానికి కేటాయించిన గడిలో వేసి, వివరణలో అక్షరాలతో రాయడం నయం. తెలుగులో కష్టమంతా రాసుకునే పెట్టె కాదది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ నంబరు నుంచి, ఏం చెప్పారు, ఏ లింకు నొక్కించారు, ఏ ఖాతాకు ఎంత వెళ్లింది, ఈ వరసలో పొడి వాక్యాలు చాలు. ఆ తర్వాత ఎఫ్ఐఆర్ రాసే రైటర్ దీన్నే చూసి రాస్తాడు కాబట్టి ఇక్కడ పడ్డ తప్పు తేదీ ఛార్జిషీటు దాకా వెంటాడుతుంది.

బ్యాంకుకు విడిగా ఫిర్యాదు చేయడం తప్పనిసరి. 1930 ఫిర్యాదు అవతలి ఖాతా కోసం, బ్యాంకు ఫిర్యాదు మీ హక్కు కోసం. మీ ప్రమేయం లేకుండా, మూడోవాడి చొరబాటు వల్ల డబ్బు పోతే, ఆ లావాదేవీ గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెప్పిన ఖాతాదారుడికి నష్టం సున్నా అని ఆర్‌బీఐ 2017 జూలైలో నిబంధన పెట్టింది. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు బాధ్యత 10,000 రూపాయలకు మించదు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి. ఓటీపీ మీరే చెప్పి ఉంటే ఈ రక్షణ లేదు. అయినా ఫిర్యాదు చేసిన క్షణం తర్వాత పోయే ప్రతి రూపాయి బ్యాంకు బాధ్యతే. కాబట్టి ఫిర్యాదు సమయం రుజువు చేసే నంబరో మెయిలో చేతిలో ఉండాలి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాం అన్న మాట రుజువు కాదు.

ఇంకో గందరగోళం టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని చక్షు అనే విభాగంతో. అనుమానాస్పద కాల్, మెసేజ్ వచ్చి డబ్బు ఇంకా పోనప్పుడు చెప్పుకునే చోటు అది. డబ్బు పోయాక అక్కడ ఫిర్యాదు పెట్టి కూర్చుంటే గంట గడిచిపోతుంది, ఏ ఖాతా మీదా హోల్డ్ పడదు.

ఇంతవరకు సేవ బాగుంది. బ్యాంకుకు ఉత్తరం రాసి వారం ఆగే కాలంతో పోలిస్తే ఈ తెర నిజంగా పెద్ద అడుగు. ఇక రెండో సగం.

అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు ఎఫ్ఐఆర్ కాదు. ఈ ఒక్క వాక్యం ప్రతి బ్యాంకు శాఖలో అంటించాలి. ఆ నంబరుతో హోల్డ్ పడుతుంది, దర్యాప్తు మాత్రం మొదలవదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన నేరవిచారణ పద్ధతి చట్టం, అంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు, అదే జీరో ఎఫ్ఐఆర్. ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపొచ్చు, కానీ మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఈ రెంటినీ కలిపిన ఈ-జీరో ఎఫ్ఐఆర్ 2025 మేలో ఢిల్లీలో మొదలైంది. మొదలైనప్పుడు అక్కడ 10 లక్షలు దాటిన నష్టానికే 1930 ఫిర్యాదు దానంతట అది జీరో ఎఫ్ఐఆర్‌గా మారేది. మంచి ఆలోచనే. అయితే నెల జీతం పోగొట్టుకున్న చిన్న ఉద్యోగికి ఆ 10 లక్షల గీత చాలా ఎత్తుగా ఉండేది.

కాబట్టి పోర్టల్ నంబరు, బ్యాంకు స్టేట్‌మెంట్, రాతపూర్వక ఫిర్యాదు రెండు ప్రతులు తీసుకుని స్టేషన్‌కు వెళ్లాలి. 'పోర్టల్‌లో పెట్టారుగా, చాలు' అని పంపేస్తే, గుర్తించదగిన నేరానికి (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరానికి) ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పిన సంగతి గౌరవంగా గుర్తు చేయొచ్చు. మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు కొత్త చట్టం వీలిచ్చింది. ప్రాథమిక విచారణ పేరు చెప్పి ఆపితే, ఆ 14 రోజులు ఎప్పటితో ముగుస్తాయో అడిగి రాసుకోండి. అప్పటికీ కదలకపోతే సెక్షన్ 173(4) కింద ఎస్పీకి, ఆ తర్వాత మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి, దానికి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.

ప్రతి చేతికొచ్చాక సెక్షన్లు చదవండి. ఐటీ చట్టంలోని 66సీ అంటే ఇతరుల పాస్‌వర్డో ఓటీపీయో వాడుకోవడం, 66డీ అంటే కంప్యూటర్ సాధనంతో మరొకరిలా నటించి మోసం చేయడం. రెండింటికీ గరిష్ఠ శిక్ష మూడేళ్లు. అదే చట్టంలోని 77బీ ప్రకారం మూడేళ్ల శిక్ష ఉన్న నేరం బెయిలబుల్. అంటే ఈ రెండే పెడితే పట్టుబడ్డవాడు బెయిలును హక్కుగా అడుగుతాడు. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలోని 318(4), అంటే మోసగించి ఆస్తి ఇప్పించుకోవడం, ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న నాన్‌బెయిలబుల్ నేరం. డబ్బు పోయిన కేసులో అది లేకపోతే ఎందుకు లేదో అడగాలి. ముఠా పని అయితే అదే సంహితలో వ్యవస్థీకృత నేరానికి సంబంధించిన 111 ఉంది, సైబర్ నేరాల పేరు అందులో నేరుగానే ఉంది. కానీ దానికి గత పదేళ్లలో ఒకటికి మించి ఛార్జిషీట్లు వంటి షరతులున్నాయి. ప్రతి కేసులో అది నిలవదు, ఊరికే చేరిస్తే కోర్టులో కేసు పలచబడుతుంది.

ఇక్కడే చట్టం తన కాళ్లకు తానే బంధం వేసుకున్న చోటు ఒకటుంది. ఐటీ చట్టం సెక్షన్ 78 ప్రకారం ఈ నేరాలను ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. 2008 సవరణకు ముందు ఇది డీఎస్పీ, సవరణలో ఒక మెట్టు దించారు. ఇంకో మెట్టు దించాల్సిన కాలం వచ్చింది. మండల స్టేషన్‌ను నడిపేది ఎక్కువచోట్ల ఎస్సై. ఆయన ఫిర్యాదు తీసుకోగలరు కానీ 66డీని తానుగా దర్యాప్తు చేయలేరు. ఫైలు సీఐ దగ్గరికో జిల్లా సైబర్ స్టేషన్‌కో వెళ్తుంది. సీఐకి బందోబస్తు నుంచి హత్య కేసు దాకా అన్నీ ఉంటాయి. సాంకేతిక శిక్షణ పొందిన యువ ఎస్సైలు ఎందరో ఉండగా ఈ నిబంధన వాళ్ల చేతులు కట్టేస్తోంది.

ఎవరు ఎప్పుడు వాడారో కంప్యూటర్లు రాసుకునే రికార్డులను లాగ్‌లంటారు, వాటి గడువు ఈ ఆలస్యానికి తోడవుతుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు దాచాలి. టెలికాం కంపెనీలు కాల్, ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) రికార్డులను రెండేళ్లు ఉంచాలి. సోషల్ మీడియా వంటి మధ్యవర్తులు పోలీసు అడిగిన సమాచారాన్ని 72 గంటల్లో ఇవ్వాలని 2021 ఐటీ నియమాలు చెబుతాయి. ఎఫ్ఐఆరే ఐదో నెలలో పడితే, లేఖ వెళ్లేసరికి 180 రోజులు నిండుతాయి. ఆపైన వెతకడానికి ఏమీ మిగలదు.

లాగ్ దొరికినా చదవడం తెలియాలి. విదేశీ కంపెనీలు ఇచ్చే సమయాలు సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మన సమయానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. పైగా మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే ఐపీ చిరునామా వెనక ఎన్నో ఫోన్లు ఉంటాయి. ఆ చిరునామాలో ఏ కనెక్షనో చెప్పే పోర్ట్ నంబరు, సెకన్లతో సహా సమయం ఇవ్వకుండా టెలికాం కంపెనీని అడిగితే ఒక మనిషి పేరుకు బదులు చాంతాడంత జాబితా వస్తుంది. యూటీసీని మన సమయంలోకి మార్చడం మర్చిపోతే ఏ పాపం ఎరగని వాడి ఇంటి తలుపు తడతారు. నిందితుల తరఫు న్యాయవాదులు మొదట చూసేది ఇదే, చూడాల్సిందే కూడా.

మెసేజ్‌ల లోపలి విషయం కావాలంటే దారి ఇంకా పొడవు. అమెరికా కంపెనీలు పేరు, ఐపీ వంటి ప్రాథమిక వివరాలు తమ పోర్టళ్ల ద్వారా ఇస్తాయి. సంభాషణల పాఠం ఇవ్వాలంటే అక్కడి 1986 నాటి చట్టం అడ్డొస్తుంది, రెండు దేశాల న్యాయ సహాయ ఒప్పందం గుండా వెళ్లాలి. నేరగాడు కాంబోడియాలోనో మయన్మార్‌లోనో కూర్చున్నప్పుడు సంగతి చెప్పక్కర్లేదు. అక్కడి మోసాల శిబిరాల్లో మన పిల్లలూ ఉన్నారు. ఉద్యోగమని తీసుకెళ్లి కాంబోడియాలో మోసం కాల్స్ చేయించిన ఏజెంట్లను 2024 మేలో విశాఖపట్నం పోలీసులు పట్టుకున్నారు. ఫోన్‌కు అటువైపున్న గొంతు కూడా ఒక్కోసారి బందీదే.

సాక్ష్యం విషయంలో బాధితుల చేతిలో ఉన్నది చాలా ఉంది, ఎక్కువగా పాడయ్యేదీ అక్కడే. కొత్త సాక్ష్యాల చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ జతచేయాలి. పాత చట్టంలోని 65బీకి వారసుడు ఇది. ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో చెప్పి, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో మళ్లీ ఖాయం చేసింది. కొత్త నమూనాలో రెండు భాగాలు: ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. ఫోన్ తయారీ, మోడల్, రంగు, సీరియల్ నంబరు, ఐఎంఈఐ రాయాలి. ఫైలు హ్యాష్ విలువ, అది ఏ పద్ధతిలో, షా 256తో తీశారా, ఎండీ5తోనా అన్నదీ రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క అక్షరం మారినా మారిపోతుంది.

అందువల్ల మోసం జరిగాక ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి. భయంతోనో సిగ్గుతోనో చాట్ తుడిచేయకండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోను ఫార్వర్డ్ చేస్తే కుదించుకుపోయి వేరే ఫైలు అవుతుంది, మొదటి ఫైలు ఫోన్‌లో ఉండనివ్వండి. మెయిల్ అయితే ఫార్వర్డ్ కాదు, పూర్తి హెడర్‌తో (ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పే భాగంతో) సేవ్ చేయాలి. స్క్రీన్‌షాట్‌లో తేదీ, అవతలి నంబరు రెండూ కనబడాలి. సేవ్ చేసుకున్న పేరు ఒక్కటే కనబడితే పనికిరాదు. ట్రాఫిక్ చలానా అనో పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ను పెట్టే ఫైలు) ఎక్కించుకుంటే, మొదట ఫ్లైట్ మోడ్ పెట్టి వేరే ఫోన్‌తో 1930కి కాల్ చేయండి. ఆ ఫైలు మీ ఎస్సెమ్మెస్‌లు చదువుతూ ఉంటుంది కాబట్టి అదే ఫోన్ ఆన్‌లో ఉంచి ఓటీపీలు తెప్పించుకోవడం ప్రమాదం. యాప్ తీసేసే ముందు దాని పేరు, ఫైలు ఫోటో తీసుకోవాలి.

హోల్డ్‌కు రెండో ముఖం కూడా ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడుతున్నాం. నాలుగో లేయర్‌లో ఎవడో టీ కొట్టులో క్యూఆర్ కోడ్‌తో 300 రూపాయలు ఇస్తే, ఆ కొట్టతని ఖాతా మొత్తం బిగుసుకుపోవచ్చు. పోలీసులు ఖాతాను ఆపేది బీఎన్‌ఎస్‌ఎస్ 106 కింద, దానికి కోర్టు ముందస్తు అనుమతి అక్కర్లేదు, తర్వాత మేజిస్ట్రేట్‌కు తెలపాలి. నేరం ద్వారా వచ్చిన ఆస్తిని జప్తు చేసే 107కు మాత్రం కోర్టు ఉత్తర్వు కావాలి. వివాదంలో ఉన్న మొత్తం మేరకే ఆపాలి, ఖాతా అంతా కాదు అని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. మీ ఖాతా ఇలా ఆగితే బ్యాంకును మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఏ అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు మీద, ఏ రాష్ట్రం ఏ స్టేషన్ కోరిక మీద, ఎంత మొత్తానికి. ఆ మూడూ వచ్చాక అమ్మకం బిల్లుతో ఆ స్టేషన్‌కు మెయిల్ పెట్టండి, ప్రతి బ్యాంకుకు. రోజువారీ అమ్మకాల మీద బతికే వ్యాపారికి వారం పాటు ఖాతా ఆగడమంటే సరుకు ఆగడమే. ఈ విషయంలో ఒకే తీరున నడిచే గడువు, స్పందన ఉండాలి.

పోలీసు దారి కాక సివిల్ తలుపు ఒకటుంది, దాన్ని తట్టేవాళ్లు తక్కువ. ఐటీ చట్టం సెక్షన్ 46 కింద ప్రతి రాష్ట్రంలో ఐటీ శాఖ కార్యదర్శి అడ్జుడికేటింగ్ అధికారి, అంటే పరిహారం తేల్చే అధికారి. ఐదు కోట్ల వరకు పరిహారం అడగొచ్చు, వీలైనంతవరకు ఆరు నెలల్లో తేల్చాలని నియమాలు చెబుతున్నాయి. మహారాష్ట్రలో సిమ్ స్వాప్ (మీ నంబరుతో మోసగాడు వేరే సిమ్ తీసుకోవడం) ఫిర్యాదుల మీద బ్యాంకులను, టెలికాం సంస్థలను పరిహారం కట్టమన్న ఉత్తర్వులు ఈ దారిలోనే వచ్చాయి. తప్పు మీది కాక సంస్థ భద్రతలో లోపముంటే ఇది ఆలోచించదగ్గది.

చివరిగా హోల్డ్‌లో ఉన్న డబ్బు. అది దానంతట అది మీ ఖాతాలోకి రాదు. సాధారణంగా మేజిస్ట్రేట్ కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద, లేదా విచారణ నడుస్తుంటే 497 కింద దరఖాస్తు వేయాలి. తెలంగాణలో 2024 నుంచి సైబర్ సెక్యూరిటీ బ్యూరో, రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ కలిసి ఎఫ్ఐఆర్ లేని ఫిర్యాదుల్లోనూ లోక్ అదాలత్ ద్వారా డబ్బు ఇప్పించే పద్ధతి పెట్టాయి. ఈ మొత్తం సేవలో బాధితుడి కష్టాన్ని నిజంగా అర్థం చేసుకున్న భాగం ఇదే. దరఖాస్తుకు ముందు మీ ఫిర్యాదు మీద ఏ బ్యాంకులో ఎంత హోల్డ్‌లో ఉందో స్టేషన్ నుంచి పట్టిక రూపంలో తీసుకోండి. 80,000 పోయి 22,000 ఆగితే కోర్టు ఇప్పించగలిగేది ఆ 22,000 మాత్రమే. ఉత్తర్వులో ప్రతి బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఆ ఖాతాకు విడిగా మొత్తం, అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, మీ ఐఎఫ్ఎస్‌సీ ఉండేలా డ్రాఫ్ట్‌లోనే చూసుకోవాలి. మొత్తం కలిపి ఒకే అంకె రాస్తే ఏ బ్యాంకు ఎంత ఇవ్వాలో తేలక ఉత్తర్వు వెనక్కి వస్తుంది, మళ్లీ కోర్టు మెట్లెక్కాలి. ధ్రువీకరించిన ప్రతులు ఎన్ని బ్యాంకులుంటే అన్ని, పైన ఒకటి స్టేషన్‌కు, ఒకటి మీ దగ్గర.

డబ్బు వచ్చేసిందని కేసు వదిలేయకండి. ఎఫ్ఐఆర్ అయిన 90 రోజుల్లో దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో బాధితులకు చెప్పాలని బీఎన్‌ఎస్‌ఎస్ 193(3) పోలీసులను ఆదేశిస్తోంది, ఫోన్‌కో మెయిల్‌కో పంపినా సరిపోతుంది. ఎఫ్ఐఆర్ తేదీకి 90 రోజులు కలిపి ఆ తేదీని క్యాలెండర్ మీద రాసుకోండి. ఆ రోజు ఏమీ రాకపోతే మర్నాడు ఎఫ్ఐఆర్ నంబరు వేసి, ఆ సెక్షన్ పేరు చెప్పి, దర్యాప్తు అధికారికి ఒక్క పేజీ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి.